నీటియొద్ద వెలి

లండను, న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో మొదలగు మహానగరములలో స్వలింగప్రేమికులైన పురుషులును స్త్రీలును తమకై ఈత సంఘములను స్థాపించుకొని నడపుకొనుచున్నారు. ఈ వార్త మన పఠనమందిరములలో చదువబడినప్పుడు రెండు విధములైన ధ్వనులు వినవచ్చును. ఒకటి నవ్వు, రెండవది కోపము. నవ్వువారు "ఈతకు గూడ నొక జాతి కావలెనా?" యందురు. కోపించువారు "సమానత్వమును కోరువారు వేరు కుంపటి పెట్టుకొనుట యేల?" యని యడుగుదురు. మొదటివారికి మేము సమాధానము చెప్పబూనము. రెండవవారి ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము వెదకబోయినచో ఆ సంఘముల సంగతికంటె మన సంగతియే యెక్కువగా బయటపడును. కావుననే ఆస్పరి, ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల పాఠకుల యెదుట ఈ విషయమును పెట్టుచున్నాము.

ముందుగా పేరును గూర్చి యొక మాట. పత్రికలలో వీరిని "స్వలింగసంపర్కులు" అని వ్రాయుట వాడుకయైనది. ఆ మాటలో మనుష్యుడు లేడు. పడకగది మాత్రమే కలదు. ఆలుమగలను గూర్చి వ్రాయునప్పుడు మనమట్టి మాటను వాడము. ప్రేమ, తోడు, సంసారము, జ్వరమువచ్చిన నాడు గంజి కాచి యిచ్చు చేయి, ఇవి యన్నియు వారి జీవితములలో గూడ నున్నవి. కావున మేము స్వలింగప్రేమికులనియే వ్రాయుదుము.

ఈ సంఘముల పుట్టుక యిట్టిది. 1982 వ సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ వాడెల్ అను వైద్యుడు మిత్రులతో గలసి స్వలింగప్రేమికుల క్రీడోత్సవమును ప్రారంభించెను. ఆయన 1968 మెక్సికో ఒలింపిక్సులో, పది క్రీడలు గలసిన డెకాథ్లాన్ పోటీయందు, ఆరవ స్థానము నొందినవాడు. మొదటి యుత్సవమునకు దాదాపు 1350 మంది క్రీడాకారులు వచ్చిరి. దానికి ఒలింపిక్సు అను పేరు పెట్టదలచగా అమెరికా ఒలింపిక్ సంఘమువారు న్యాయస్థానమున కెక్కి అడ్డుకొనిరి. 1987 లో ఆ దేశపు సుప్రీంకోర్టు గూడ ఒలింపిక్ సంఘము పక్షముననే తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే వాడెల్ ఎయిడ్సు వ్యాధిచే మరణించెను. పేరు పోయినను పని నిలిచినది. "గే గేమ్స్" అను పేరుతో ఆ క్రీడలు దేశదేశములలో జరుగుచు వచ్చి, 2023 నవంబరులో హాంకాంగులో, ఆసియా ఖండమున మొదటిసారిగా, జరిగినవి. వాడెల్ మరణించిన 1987 లోనే ఇట్టి ఈత సంఘములకు "ఇగ్లా" యను అంతర్జాతీయ సమాఖ్య యేర్పడినది. న్యూయార్కు సంఘము 1990 లోను, లండనులోని "ఔట్ టు స్విమ్" 1992 లోను వెలసినవి.

ఈ సంఘములలో జరుగు పని యేమి? ఈతయే. వారమున కొన్ని సాయంకాలములందు, కొలువులు ముగించుకొని వచ్చిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, కూలిపని చేసికొనువారు ఒక కొలనును అద్దెకు దీసికొని చేరుదురు. కొలను పొడవునను త్రాళ్లు కట్టి వరుసలు విడదీయుదురు. వేగమునుబట్టి యొక్కొక్కరి కొక వరుస. గట్టుమీద శిక్షకుడు నిలిచి చేతివాటమును, ఊపిరి తీయు తీరును దిద్దును. క్రొత్తగా నేర్చుకొనువారికి పాఠములు వేరు. పోటీలలో వయస్సునుబట్టి ఐదేసి యేండ్ల తరగతులుండును. నలుగురు వంతులవారీగా యీదు పందెములో ఆ నలుగురి వయస్సులను కూడి తరగతిని నిర్ణయింతురు. అందుచే డెబ్బదియేండ్ల వృద్ధుడు జట్టునకు భారము గాక, ఆస్తియే యగుచున్నాడు. గే గేమ్సులో పాల్గొనుటకు ఇంత వేగముండవలెనను నియమము లేదు. సమాఖ్యవారి పోటీలయందు "పింక్ ఫ్లెమింగో" యను విచిత్రవేషముల జలవినోద మొకటి నడచును. అందు పతకములు గెలిచినవారును, కడపట వచ్చినవారును కలసి ప్రేక్షకులను నవ్వింతురు. స్త్రీపురుష ప్రేమయే గలవారు వచ్చి చేరినను ఈ సంఘములు కాదనవు. మన యూళ్లలోని భజనమండలికిని, నాటక సమాజమునకును ఉండు లక్షణములే వీనికిని గలవు: కొంత సాధన, కొంత పరిహాసము, అటుపై అందరును గూర్చుండి తిను భోజనము.

ఇంత సామాన్యమైన పనికి వేరు సంఘ మేల? ఈత యితర క్రీడలవంటిది కాదు. అందు మనుష్యుడు బట్ట విప్పవలెను. పదిమంది యెదుట తన దేహముతో నిలువవలెను. నడకనుబట్టియు, గొంతునుబట్టియు, చూపునుబట్టియు నిరంతరము పరిహసింపబడిన పిల్లవానికి బట్టలు మార్చుకొను గదియే మొదటి నరకము. అచ్చట దెబ్బ తిన్నవాడు ఈతనే మానుకొనును. ఈత మానుకొన్నవాడు క్రమముగా తన దేహమునే యొక తప్పుగా భావింప సాగును. పెద్దవాడైన తరువాత, తనవంటివారు నలువదిమంది యున్న కొలనులో, ఎవరును వ్రేలుచూపని చోట, తిరిగి నీటిలో దిగుట వానికి సామాన్యమైన వినోదము గాదు. పోయిన దేహమును తిరిగి తెచ్చుకొనుట.

ఎయిడ్సు వ్యాధి వ్యాపించిన దినములలో ఈ వెలి మరింత కఠినమైనది. ఆ వ్యాధి కొలనులోని నీటివలన అంటదు. అయినను జనులు భయపడిరి. అమెరికా దేశీయుడైన గ్రెగ్ లుగానిస్, 1984, 1988 ఒలింపిక్సులలో మొత్తము నాలుగు స్వర్ణపతకములు గెలిచిన దుముకుడు వీరుడు. 1988 లో సియోలునందు దుముకునప్పుడు పలకకు తల తగిలి గాయపడియు గెలిచెను. తన దేహమున ఎయిడ్సు క్రిమి యున్న సంగతిని అప్పటికే యెరిగియు బయటపెట్టలేక పోయెను. 1994 గే గేమ్సు సందర్భమున తాను స్వలింగప్రేమికుడనని ప్రకటించెను. 1995 లో వ్యాధి సంగతిని వెల్లడించెను. లోకమునెల్ల గెలిచినవానికే ఆరేడేండ్లు నోరు రాలేదన్నచో, పేరులేని సామాన్యుని మాట చెప్పనేల?

ఇక "వేరు కుంపటి" మాట. నీటియొద్ద వెలివేయుట మన కెరుగని విద్య కాదు. మహద్ పట్టణమునందలి చవదార్ చెరువు చరిత్రను మన పాఠకులు మరువరాదు. 1923 లో బొంబాయి శాసనసభ, ప్రజాధనముతో నడచు చెరువులు, బావులు అస్పృశ్యులకు గూడ తెరువవలెనని తీర్మానించెను. 1924 లో మహద్ పురపాలక సంఘము తన చెరువును తెరచితిమని వ్రాసికొనెను. కాగితముమీద చెరువు తెరువబడినది. మెట్లు మాత్రము తెరువబడలేదు. 1927 మార్చి 20 వ తేదీన డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో నడచివెళ్లి ఆ నీరు త్రాగవలసివచ్చెను. త్రాగినందులకు దెబ్బలు తిన్నవారును గలరు. బొంబాయిలోని బ్రీచ్ కాండీ ఈతకొలను తెల్లవారికి మాత్రమే యుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపగూడ కొన్ని సంవత్సరములు భారతీయులకు అందు ప్రవేశము లేకుండెను. 1964 జూను 18 న అమెరికాలోని సెయింట్ ఆగస్టీన్ పట్టణమున నీగ్రోలును, వారికి తోడైన తెల్లవారును ఒక హోటలు కొలనులో దిగగా, ఆ హోటలు యజమాని నీటిలో ఆమ్లము పోసెను. ఎవరితో నీరు పంచుకొనమో వారిని మనుష్యులుగా నెంచమని చెప్పుటకు ప్రతి దేశమునకును ఒక చెరువో, ఒక కొలనో దొరకినది.

పరుల క్లబ్బులలో అడుగు పెట్టనీయబడని దినములలో మన పెద్దలు తమ సంఘములను, తమ పాఠశాలలను, తమ గ్రంథాలయములను తాము స్థాపించుకొనిరి. అది వేరుపడుట యని మన మెన్నడును చెప్పుకొనలేదు, ఆత్మగౌరవమని చెప్పుకొంటిమి. తలుపు వేసినవాడు, బయట నిలిచినవానిని "నీవు వేరేల గుడిసె వేసికొంటివి?" యని యడుగుట న్యాయము గాదు. ఈ ఈత సంఘములను గూర్చి మేము చెప్పదలచిన మాట యిదియే. వానిని జూచి నవ్వువారే వాని యవసరమును కల్పించినవారు.

మన చట్టము సంగతి చూతము. 1860 లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన శిక్షాస్మృతి 377 వ సెక్షనుచే ఈ ప్రేమను నేరముగా జేసెను. ఆ పాలకుల స్వదేశమున, ఇంగ్లాండు, వేల్సులలో, 1967 లోనే ఇరువురు వయోజనులైన పురుషుల యేకాంత సంబంధమును నేరముగా నెంచుట మాన్పిరి. స్వరాజ్యము తెచ్చుకొన్న మనము మాత్రము పరులు విడిచిన సంకెలను భద్రముగా దాచుకొంటిమి. 2009 జూలై 2 న ఢిల్లీ హైకోర్టు దానిని తెంచెను. 2013 డిసెంబరు 11 న సుప్రీంకోర్టు మరల బిగించెను. 2018 సెప్టెంబరు 6 న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా దానిని తీసివేసిరి. వీరికిని, వీరి కుటుంబములకును చరిత్ర క్షమాపణ చెప్పవలసి యున్నదని వారిలో నొకరైన ఇందూ మల్హోత్రాగారు వ్రాసిరి. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షను లేదు. నిజాము రాష్ట్రమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, హిజ్రాలను జాబితాలలో నెక్కించి వేధించుటకు పుట్టిన చట్టమును 2023 లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసెను. వివాహపు హక్కు మాత్రము రాలేదు. 2023 అక్టోబరు 17 న సుప్రీంకోర్టు దానిని నిరాకరించెను. ఆ వ్యాజ్యమును తెచ్చినవారిలో హైదరాబాదు వాస్తవ్యులైన జంట యొకటి గలదు. అనగా చెరువు తెరువబడినట్లు వ్రాయబడినది. మెట్లకడ నిలిచినవారము మనము.

"ఇది మన సంస్కృతి గాదు, దిగుమతి సరకు" అను వాదము నొకదానిని తరచుగా వినుచున్నాము. ఆదోని మండలములోని సంతెకుడ్లూరు గ్రామమునకు హోలీ నాడు పోయి చూడుడు. మగవారు చీరలు గట్టి, నగలు పెట్టి, పూలు తురిమి, పళ్లెరములు పట్టుకొని రతీమన్మథులను పూజింపవత్తురు. ఊరిలో నెవ్వరును నవ్వరు. మ్రొక్కు తీరినదని సంతోషింతురు. ఆ మ్రొక్కునకును స్వలింగప్రేమకును సంబంధము గలదని మేము చెప్పుట లేదు. చీరగట్టిన మగవానిని జూచి లోకము మునిగిపోదని ఈ సీమవారి కెప్పుడో తెలియునని మాత్రమే చెప్పుచున్నాము. 1953 అక్టోబరు 1 వరకు మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. ఆ బళ్లారి సీమలో ఎల్లమ్మకు అంకితులై స్త్రీవేషమున బ్రదుకు జోగప్పలు తరతరములుగా నున్నారు. వారిలో నొకరైన మంజమ్మ జోగతిగారు 2019 లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలై, 2021 లో పద్మశ్రీ నందుకొనిరి. యౌవనమున ఇల్లు విడిచి, ప్రాణము దీసికొనజూచి, బిచ్చమెత్తి బ్రదికితినని ఆమెయే చెప్పుకొన్నారు. రాష్ట్రపతి భవనమున చప్పట్లు కొట్టుట సులభము. ఆమెవంటి బిడ్డ మన యింట బుట్టిన నాడు గడప దాటింపకుండుట కష్టము. సంస్కృతికి పరీక్ష ఆ గడపయొద్దనే.

ఆస్పరివంటి యూళ్ల మాటకు వత్తము. ఇచ్చట ఇట్టి సంఘమును ఎవరును ఊహింపరు; మేమును దానిని స్థాపింపుడని చెప్పుట లేదు. ఇది వానలు తక్కువైన సీమ. 1953 లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప దిగువకాలువ నీరు ఆదోని, యెమ్మిగనూరు పొలములకు వచ్చినది గాని, చాలయూళ్లకు నేటికిని వాన కురిసిననే వంక, వంక పారిననే బావి. బావి నిండిన సంవత్సరమున మగపిల్లలు నడుమునకు బెండ్లు గట్టుకొని, సొరకాయబుర్రలు గట్టుకొని ఈత నేర్చుకొందురు. ఆ గట్టుమీదనే వారు నేర్చుకొను మరియొక విద్య గలదు. మెత్తగా మాటలాడు పిల్లవానిని "ఆడంగి" యని పిలుచుట, వాని బట్టలు దాచుట, వానిని నీటిలో త్రోసి నవ్వుట. పెద్దలు చూచి "పిల్లల యాట" యందురు. ఆ పిల్లవాడు బావివైపు పోవుట మానును. కొన్నేండ్లకు బడి మానును. తుదకు ఆస్పరి స్టేషనులో రైలెక్కి యే బెంగుళూరునకో హైదరాబాదునకో పోవును. మన యూళ్లనుండి కరవు తరిమినవారు వలస పోవుట అందరికిని దెలియును. మన నాలుక తరిమినవారిని గూర్చి లెక్క వ్రాసినవారు లేరు.

ఆడపిల్ల మాట యింకను దారుణము. ఆమె నీటిని తోడును, మోయును, నీటిలో దిగదు. బావి ఆమెకు పని, ఆమె తమ్మునికి ఆట. తన దేహము తనదను సంగతియే తెలియని పిల్ల, తన మనస్సు మరియొక పిల్లను కోరుచున్నదని ఎవరితో చెప్పుకొనగలదు? పురుషుడైనచో రైలెక్కును. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండకమునుపే సంబంధములు చూచు యిండ్లు మన ప్రాంతమున నేటికిని గలవు. లండను సంఘమున స్త్రీలును పురుషులును ఒకే కొలనులో, తమ తమ వేగమునుబట్టి, ఒకే వరుసలో నీదుదురన్న మాట చదివినప్పుడు మాకు స్వలింగప్రేమకంటె ముందుగా మన యాడపిల్లలే జ్ఞప్తికి వచ్చిరి.

"పెండ్లి చేసిన అన్నియు సర్దుకొనును" అను నమ్మకము మన యిండ్లలో గట్టిగా నాటుకొని యున్నది. అది సర్దుకొనదు. ఇష్టములేని పిల్లవానికి కట్నము పుచ్చుకొని పిల్లను దెచ్చి కట్టినచో, ఒక బ్రతుకు చెడుటకు బదులు రెండు చెడును. ఏ తప్పును చేయని ఆ కోడలు, తనలోనే యేదో లోపమున్నదని యేండ్లతరబడి యేడ్చును. గొడ్రాలని నింద మోయును. ఆ పాపము ఆ పిల్లవానిది మాత్రమే గాదు, ముహూర్తము పెట్టించిన పెద్దలది. మరికొందరు వైద్యునికడకో, భూతవైద్యునికడకో తీసికొనిపోవుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17 న స్వలింగప్రేమను వ్యాధుల పట్టికనుండి తొలగించినది. దానిని "మాన్పెద" నని చికిత్స చేయుట వృత్తిదోషమని 2022 లో జాతీయ వైద్య సంఘము ప్రకటించినది. వ్యాధి కానిదానికి మందు లేదు. మందు పేర జరుగునది హింసయే.

కావున మేము కోరునది పెద్ద పని గాదు. తలిదండ్రులారా, బిడ్డ నోరు తెరచి చెప్పిన నాడు తలుపు మూయకుడు. బలవంతపు పెండ్లి తలపెట్టకుడు. ఉపాధ్యాయులారా, ఆటస్థలమునను, బావిగట్టునను వినవచ్చు ఎగతాళి పేరులను పిల్లల యాటగా నెంచక, కులము పేర తిట్టిన తిట్టును ఆపినట్లే యాపుడు. పంచాయతీలవారికిని, పురపాలకులకును మా విన్నపము: ఏటేట బావులలోను, కాలువలోను పిల్లల ప్రాణములు పోవుచున్నవి, మగపిల్లలతోబాటు ఆడపిల్లలకు గూడ ఈత నేర్పించు ఏర్పాటు చేయుడు. ప్రజాధనముతో ఎచ్చట కొలను కట్టినను, బట్టలు మార్చుకొనుటకు ఎవరి మఱుగు వారికి గల గదులు కట్టుడు. హిజ్రా యనియు, మరియొకరనియు ఎవరిని గేటుకడ నిలుపకుడు. పఠనమందిరములవారు ఈ విషయమున వచ్చిన తీర్పులను, వ్యాసములను తెలుగున బల్లమీద నుంచుడు. రహస్యముగా చదువుకొన వచ్చు పిల్లవా డొక్కడైనను మీ యూరిలో నుండును.

వేరు సంఘములు ఎల్లకాలము నిలువవలెనని వానిలోనివారే కోరుదురని మేమనుకొనము. చుట్టమై పిలువబడిన యింట ఎవరును వేరుగా వండుకొనరు. ఆ సంఘములు అక్కరలేని దినము రావలెనన్నచో లండనులోనివారు చేయదగినది కొంచెము. ఇచ్చట మనము చేయదగినది యెక్కువ. మన యూరి రేవున ఏ బిడ్డయు బట్టలు పట్టుకొని యేడ్చుచు ఇంటికి తిరిగిపోకుండ చూచుట మన చేతిలోని పని. దానికి తీర్పులు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. రాబోవు వానలకు బావులు నిండకమునుపే దానిని మొదలుపెట్టవచ్చును.